ఆరుబయట చిన్న ఎల్‌ఈడీ టార్చి: తరచుగా అడిగే ప్రశ్నలు

రాత్రివేళ కొండదారుల్లో నడవడం, గుడారంలో పడుకోవడం నాకు చాలా ఏళ్ల అలవాటు. ఇన్నేళ్లలో నా సంచిలోని చెప్పులు, చొక్కాలు, తాళ్లు అన్నీ కొంత మెరుగుపడ్డాయి. కానీ టార్చి మారినంతగా మరేదీ మారలేదు. కొత్తగా రాత్రి నడకలకు వచ్చేవారు నన్ను ఎక్కువగా అడిగేది కూడా దాని గురించే. వారికి చెప్పే జవాబులనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసే ల్యూమెన్ల (టార్చి ఇచ్చే మొత్తం వెలుగు కొలత) అంకె కంటే, అదే టార్చి ఎంత తక్కువ వెలుగును ఎన్ని గంటలు నిలకడగా ఇవ్వగలదన్నదే నాకు ముఖ్యం. జవాబుల్లో ఆ మొగ్గు కనిపిస్తుంది.

పాత బల్బు టార్చికీ ఇప్పటి ఎల్‌ఈడీ టార్చికీ అసలు తేడా ఎక్కడుంది?

బల్బులో సన్నని టంగ్‌స్టన్ తీగ ఉంటుంది. కరెంటు దాన్ని కాల్చి ఎర్రగా, ఆపై పచ్చగా, తెల్లగా వెలిగిస్తుంది. అంటే ముందు వేడి పుట్టాలి, ఆ వేడిలోంచి కాస్త వెలుగు రావాలి. సెల్లు ఇచ్చే శక్తిలో చాలా భాగం కంటికి కనిపించని వేడి కిరణాలుగా పోతుంది. చిన్న టార్చి బల్బు ఒక వాటుకు ఇచ్చేది పది ల్యూమెన్ల దరిదాపుల్లోనే ఉండేది. ఎల్‌ఈడీలో కాలే తీగ లేదు. అర్ధవాహక స్ఫటికంలో ఎలక్ట్రాన్లు ఒక శక్తి స్థాయి నుంచి మరో స్థాయికి దిగేటప్పుడు నేరుగా కాంతి పుడుతుంది. మంచి ఎల్‌ఈడీ ఇప్పుడు వాటుకు 100 నుంచి 150 ల్యూమెన్లు తేలికగా ఇస్తుంది.

నడిచేవారికి ఈ తేడా మూడు చోట్ల తెలుస్తుంది. రాయి మీద జారి పడినా తెగిపోవడానికి తీగ లేదు. సెల్లు నీరసిస్తే బల్బు పసుపుపచ్చగా మారి కొడిగట్టేది, ఎల్‌ఈడీ రంగు అంతగా మారదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం: బల్బును తగ్గించి వెలిగించడం దండగ, ఎందుకంటే తీగ చల్లబడిన కొద్దీ కాంతి మరీ వేగంగా పడిపోతుంది. ఎల్‌ఈడీ మాత్రం తక్కువ కరెంటులో ఇంకా పొదుపుగా పనిచేస్తుంది. చిన్న టార్చిలో వచ్చిన మార్పులన్నిటికీ ఈ గుణమే మూలం.

ఈ మార్పు ఎప్పుడు మొదలైంది?

కంటికి కనిపించే ఎర్రని ఎల్‌ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లో జనరల్ ఎలక్ట్రిక్‌లో చూపించారు. ఆ తరవాత చాలా ఏళ్ల పాటు అది యంత్రాల మీద సూచిక దీపంగానే మిగిలిపోయింది. తెల్లని కాంతి కావాలంటే నీలి ఎల్‌ఈడీ కావాలి, అది చాలాకాలం కొరకరాని కొయ్యగా ఉండిపోయింది. ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమూరా గాలియం నైట్రైడ్‌తో ఆ చిక్కు విప్పారు. 1990ల మొదట్లో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ బయటికి వచ్చింది. ఈ ముగ్గురికీ 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నీలి స్ఫటికం మీద పసుపు కాంతినిచ్చే ఫాస్ఫర్ పూత వేస్తే, నీలం, పసుపు కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. 1996లో నిచియా సంస్థ ఈ పద్ధతిలోనే తెల్ల ఎల్‌ఈడీని అమ్మకానికి తెచ్చింది. మీ చేతిలోని టార్చి ముందుభాగంలో కనిపించే పసుపు చుక్క ఆ పూతే.

2000లో పెట్జల్ సంస్థ టిక్కా అనే చిన్న హెడ్‌ల్యాంపును (తలకు కట్టుకునే దీపాన్ని) తెచ్చింది. అందులో మూడు చిన్న ఎల్‌ఈడీలు ఉండేవి. వెలుగు నీలిగా, దగ్గరి చూపుకే సరిపోయేలా ఉన్నా సెల్లులు ఎన్నో గంటలు నిలవడం చూసి కొండలెక్కేవారు ఆశ్చర్యపోయారు. ఆ దశాబ్దంలోనే ఒక్కో చిప్పు (వెలుగునిచ్చే ఎల్‌ఈడీ స్ఫటికం) ఒక వాటు, మూడు వాట్లు తట్టుకునేలా తయారైంది. లక్సియన్, ఆ తరవాత క్రీ ఎక్స్‌ఆర్-ఈ వంటి చిప్పులతో చిన్న టార్చి వంద ల్యూమెన్లు దాటింది. రెండు ఏఏ సెల్లుల బల్బు టార్చి ఇచ్చే వెలుగు 10 నుంచి 20 ల్యూమెన్ల మధ్య ఉండేదని గుర్తుంచుకుంటే ఆ గెంతు ఎంత పెద్దదో తెలుస్తుంది. ఇప్పుడు ఒకే ఒక్క ఏఏ సెల్లుతో వంద ల్యూమెన్లు మామూలు విషయం.

ల్యూమెన్లు ఎక్కువగా ఉంటే మంచి టార్చి అనుకోవచ్చా?

అనుకోకూడదు. ల్యూమెన్ అంటే టార్చిలోంచి అన్ని దిక్కులకూ వచ్చే వెలుగు మొత్తం. ఆ వెలుగు ఎటు పోతుందో, ఎంతసేపు నిలుస్తుందో ఆ అంకె చెప్పదు. పైగా మన కన్ను లెక్కలు వేసే తీరు వేరు. వెలుగు రెట్టింపయిందని అనిపించాలంటే ల్యూమెన్లు సుమారు నాలుగు రెట్లు కావాలి. 800 ల్యూమెన్ల టార్చినీ 1000 ల్యూమెన్ల టార్చినీ విడివిడిగా చేతికిస్తే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. అంకెల్లో ఉన్న ఆ తేడా కోసం బరువైన టార్చి కొన్నవారిని నేను చాలామందిని చూశాను, అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

అంకెలు నమ్మదగినవా కావా అన్నది మరో సమస్య. ఒకప్పుడు ఒక్కో తయారీదారు ఒక్కో తీరులో కొలిచేవారు. 2009లో అమెరికాలో ఏఎన్‌ఎస్ఐ ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణం వచ్చింది. టార్చి వెలిగించిన 30 సెకన్ల తరవాత, రెండు నిమిషాల లోపు వెలుగును కొలవాలని అది చెబుతుంది. డబ్బా మీద ఆ గుర్తుతో ఇచ్చిన అంకెలు ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికొస్తాయి. ఆ గుర్తు లేకుండా, అరచేతిలో దాగే టార్చి మీద లక్ష ల్యూమెన్లని రాసి ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి.

“200 మీటర్ల దూరం” అని రాస్తే నిజంగా అంత దూరం కనిపిస్తుందా?

ఆ దూరం చివర పడే వెలుగు 0.25 లక్స్ అని దాని అర్థం. లక్స్ అంటే ఒక చోట పడే వెలుగు కొలత. మబ్బు లేని ఆకాశంలో నిండు పున్నమి చంద్రుడు నేల మీద వేసే వెన్నెల దాదాపు అంతే. వెన్నెల్లో తెల్లని బండ ఒకటి ఉందని తెలుస్తుంది, దాని మీద పాము ఉందో కొమ్మ ఉందో తెలియదు. నా అనుభవంలో రాసిన దూరంలో మూడో వంతు వరకే తేటగా చూడవచ్చు. అక్కడ వెలుగు తొమ్మిది రెట్లు ఉంటుంది.

ఈ దూరాన్ని నిర్ణయించేది ల్యూమెన్లు కాదు, కాండెలాలు. అంటే కాంతి పుంజం మధ్యలో వెలుగు ఎంత చిక్కగా ఉందన్నది. లెక్క తేలికే: కాండెలాల వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. 2,500 కాండెలాలకు 100 మీటర్లు, 10,000 కాండెలాలకు 200 మీటర్లు. దూరం రెట్టింపు కావాలంటే చిక్కదనం నాలుగు రెట్లు కావాలన్నమాట. లోతైన రిఫ్లెక్టరు (వెలుగును ముందుకు మళ్లించే మెరిసే గిన్నె), చిన్న చిప్పు ఉంటే దూరం పెరుగుతుంది. వెడల్పు చిప్పు, గరుకు రిఫ్లెక్టరు ఉంటే వెలుగు పరుచుకుంటుంది. నడకకు నేను పరుచుకునే వెలుగునే ఎంచుకుంటాను. కాలిదారి మీద మీకు కావలసింది ముందున్న పది అడుగులు, వాటికి ఇరువైపులా ఉన్న అంచులు. సన్నని పుంజంతో నడిస్తే గొట్టంలోంచి చూస్తూ నడిచినట్టు ఉంటుంది, కాసేపటికి కళ్లు అలసిపోతాయి.

“1000 ల్యూమెన్లు, 3 గంటలు” అని రాశారు. మూడు గంటలూ 1000 ల్యూమెన్లు వస్తాయా?

రావు. ప్రమాణం ప్రకారం వెలుగు మొదటి విలువలో పదో వంతుకు పడిపోయే వరకు గడిచిన సమయమంతా లెక్కలోకి వస్తుంది. టార్చి మొదటి ఒకటి రెండు నిమిషాలు 1000 ల్యూమెన్లు ఇచ్చి, 300కు దిగి, మిగిలిన సమయమంతా అక్కడే ఉన్నా 3 గంటలని రాయవచ్చు. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ కొనేవారికి అర్థమయ్యేది వేరు.

దీనికి చిన్న లెక్క ఉంది. 18650 రకం రీఛార్జి సెల్లు ఒకదానిలో సుమారు 12 వాట్-అవర్ల శక్తి ఉంటుంది, అంటే ఒక వాటు చొప్పున పన్నెండు గంటలు. దారిలో పోయే నష్టాలన్నీ కలిపి టార్చి వాటుకు వంద ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే మొత్తం 1200 ల్యూమెన్-గంటలు. వంద ల్యూమెన్లతో నడిస్తే పన్నెండు గంటలు, అంటే సాయంత్రం నుంచి తెల్లవారే దాకా. 1000 ల్యూమెన్లతో అయితే గంట కంటే కొంచెం ఎక్కువ. డబ్బా మీది అంకె ఈ లెక్కకు చాలా దూరంగా ఉంటే, మధ్యలో వెలుగు తగ్గుతుందన్నమాట. తయారీదారు సమయానికీ వెలుగుకూ మధ్య గీత గీసి చూపించే పటం ఇస్తే అన్నిటికంటే ముందు దాన్నే చూడండి. గీత చదునుగా సాగితే లోపలి సర్క్యూటు మంచిదని అర్థం. మొదటి నిమిషం నుంచే ఏటవాలుగా జారుతుంటే, సెల్లు శక్తి తగ్గే కొద్దీ వెలుగు కూడా తగ్గుతున్నట్టే.

రెండు నిమిషాలకే టార్చి వేడెక్కి వెలుగు తగ్గించుకుంటోంది. పాడైందా?

పాడవలేదు, తనను తాను కాపాడుకుంటోంది. బల్బు వేడి కాంతితో పాటు ముందుకే పోయేది. ఎల్‌ఈడీ వేడి చిప్పు వెనకాల మిగిలిపోతుంది. అది కింది లోహపు పలకలోకి, అక్కడి నుంచి అల్యూమినియం ఒంట్లోకి, చివరికి మీ చేతిలోకీ గాలిలోకీ పోవాలి. వెయ్యి ల్యూమెన్ల వద్ద పది వాట్ల దాకా శక్తి ఖర్చయితే అందులో సగానికి పైగా వేడే. బొటనవేలంత లోహం అంత వేడిని గాలికి వదలలేదు. అందుకే లోపలి సర్క్యూటు కరెంటు తగ్గిస్తుంది.

కొన్ని టార్చిలు గడియారం చూసి తగ్గిస్తాయి, కొన్ని ఉష్ణోగ్రత చూసి తగ్గిస్తాయి. రెండో రకం మేలు, చల్లని గాలి వీచే రాత్రి అది ఎక్కువసేపు వెలుగు నిలుపుతుంది. టార్చిని బల్ల మీద నిలబెట్టి వెలిగిస్తే చేతిలో పట్టుకున్నప్పటి కంటే త్వరగా వేడెక్కుతుంది, మన రక్తప్రసరణ కూడా వేడిని మోసుకుపోతుంది కనుక. పై స్థాయిలో వెలిగిన టార్చిని అలాగే జేబులో వేసుకోకండి. బట్ట కాలిన సందర్భాలున్నాయి.

నిజంగా ఎన్ని ల్యూమెన్లు కావాలి?

ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. అందరూ ఇదే అడిగితే బాగుండునని నా కోరిక.

గుడారంలో పడుకున్నవారిని లేపకుండా నీళ్ల సీసా వెతుక్కోవడానికి ఒక ల్యూమెన్ కంటే తక్కువ చాలు. నవ్వులాటకు చెప్పడం లేదు: చీకటికి అలవాటు పడిన కంటికి అర ల్యూమెన్ కూడా గుడారమంతా చూపిస్తుంది. పటం చదవడానికి, ముడి వేయడానికి మూడు నుంచి పది. చదునైన దారిలో నడవడానికి ముప్ఫై నుంచి యాభై. రాళ్లూ వేళ్లూ ఉన్న దారిలో దిగడానికి వంద, నూట యాభై. దారి తప్పి గుర్తు రాయి ఎక్కడుందో వెతకాలంటే మూడు వందలో అయిదు వందలో, అదీ అర నిమిషం పాటు. అంతకు మించి కావలసిన సందర్భాలు నా రాత్రుల్లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అందుకే చిన్న టార్చి కొనేటప్పుడు నేను ముందు చూసేది అట్టడుగు స్థాయిని. కొందరు దాన్ని వెన్నెల స్థాయి అంటారు. మంచి టార్చి ఆ స్థాయిలో రోజుల తరబడి, కొన్నయితే వారాల తరబడి వెలుగుతాయి. ఒకసారి కొండ మీద వాన ముదిరి, ఉన్నచోటే రెండు రాత్రులు ఆగిపోవలసి వచ్చింది. ఆ రెండు రాత్రులూ గుడారం కప్పుకు వేలాడదీసిన చిన్న టార్చి వెలుగుతూనే ఉంది. తిరిగి బయలుదేరేటప్పుడు దాని సెల్లులో ఇంకా సగానికి పైగా శక్తి మిగిలింది. పాత బల్బు టార్చితో అయితే మొదటి రాత్రి సగంలోనే చీకటి.

స్విచ్చి నొక్కగానే ఏ స్థాయి వస్తుందో కూడా చూడండి. కొన్ని టార్చిలు ఎప్పుడూ అన్నిటికంటే ఎక్కువ వెలుగుతోనే మొదలవుతాయి. అర్ధరాత్రి అది కంట్లో కారం కొట్టినట్టు ఉంటుంది, చీకటికి అలవాటు పడిన చూపు క్షణంలో పోతుంది. నొక్కి పట్టుకుంటే నేరుగా అట్టడుగు స్థాయి వచ్చే టార్చి మేలు.

ఎర్ర దీపం ఎందుకు?

చీకట్లో చూడటానికి కంట్లో రాడ్ కణాలు ఉంటాయి. అవి పూర్తిగా సిద్ధం కావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తెల్లని వెలుగు ఒక్కసారి పడితే మళ్లీ మొదటికొస్తుంది. ఈ కణాలు ఎర్ర కాంతికి దాదాపు స్పందించవు కనుక ఎర్ర దీపంతో చేతిలోని పని చూసుకుని, తలెత్తి నక్షత్రాలనూ చూడవచ్చు. కానీ ఎర్ర దీపమైనా మసకగా ఉండాలి, తీక్షణంగా వెలిగిస్తే ప్రయోజనం పోతుంది. పటం మీద ఎర్ర గీతలు ఆ వెలుగులో మాయమవుతాయన్నది దారి వెతుక్కునేవారు మరచిపోకూడదు.

వెలుగు రంగు గురించి ఎందుకంత పట్టింపు?

మొదటి ఎల్‌ఈడీ టార్చిల కింద అంతా బూడిదరంగులో ఉండేది. ఎండుటాకు, మట్టి, చెట్టు బెరడు ఒకేలా కనిపించేవి. కారణం ఆ కాంతిలో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు: 3000 దగ్గర దీపపు వెలుగులా పసుపుగా, 4000 నుంచి 5000 మధ్య పగటి తెలుపుకు దగ్గరగా, 6500 దగ్గర నీలిగా ఉంటుంది. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయన్నది సీఆర్‌ఐ అనే కొలత. వందకు 70 ఉన్న చిప్పు ఎక్కువ ల్యూమెన్లు ఇస్తుంది, 90 దాటినది కొంత తక్కువ ఇస్తుంది. ల్యూమెన్ల పందెంలో గెలవాలనుకునే తయారీదారులు అందుకే మొదటిదాన్ని పెడతారు.

ఆరుబయట నేను రెండోదాన్నే కోరుకుంటాను. గోధుమరంగు నేల మీద గోధుమరంగు పామును విడదీసి చూపించేది రంగుల్లోని ఆ కొద్ది తేడాయే. గాయం తగిలితే నెత్తురు ఎంత పోతోందో, చర్మం కమిలిందో లేదో చూడాలంటే ఎరుపు ఎరుపుగా కనిపించాలి. ఇరవై శాతం ల్యూమెన్లు పోయినా కంటికి ఆ తేడా తెలియదు. రంగులు పోతే మాత్రం తెలుస్తుంది. పసుపు వైపు మొగ్గే వెలుగుకు పురుగులు కూడా తక్కువగా మూగుతాయి.

ఏ సెల్లు మంచిది?

మీరు ఎక్కడ తిరుగుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. 18650 అంటే 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవున్న లిథియం-అయాన్ సెల్లు. 21700 అంటే 21 వెడల్పు, 70 పొడవు. మామూలుగా 3.6 లేదా 3.7 వోల్టులు, పూర్తిగా నిండితే 4.2 వోల్టులు. రీఛార్జి అయ్యే ఏఏ సెల్లు 1.2 వోల్టులదే, దానిలో శక్తి సుమారు రెండున్నర వాట్-అవర్లు. అంటే ఒక 18650 సుమారు అయిదు ఏఏ సెల్లులకు సమానం. చిన్న టార్చి ఈ స్థాయికి రావడంలో ఎల్‌ఈడీకి ఎంత వాటా ఉందో ఈ సెల్లుకూ అంతే వాటా ఉంది. లిథియం-అయాన్ సెల్లు 1991లో సోనీ ద్వారా మార్కెట్లోకి వచ్చింది. నెమ్మదిగా చిన్న టార్చి దాకా చేరింది.

అయినా ఏఏ టార్చిని నేను తీసిపారేయను. ఛార్జి చేసుకునే చోటు లేని వారం రోజుల ప్రయాణంలో ఎక్కడైనా దొరికే సెల్లు గొప్ప భరోసా. అందులోనూ ఆల్కలైన్ సెల్లును టార్చిలో వేసి మరచిపోకండి. కొంతకాలానికి అది కారుతుంది, ఆ క్షారం లోపలి లోహాన్ని తినేస్తుంది. నాకెంతో ఇష్టమైన టార్చి ఒకటి అలాగే పోయింది, సెల్లు ఒంటికి అంటుకుపోయి ఎంత లాగినా రాలేదు. దాచిపెట్టే టార్చిలో ఒకసారే వాడే లిథియం ఏఏ సెల్లులు వేయండి. అవి తేలికగా ఉంటాయి, ఏళ్ల తరబడి నిలవ ఉంటాయి, కారడం చాలా అరుదు.

ఒక హెచ్చరిక. 14500 అనే లిథియం-అయాన్ సెల్లు చూడటానికి అచ్చం ఏఏ లాగే ఉంటుంది, కానీ వోల్టులు మూడు రెట్లు. తయారీదారు వాడవచ్చని స్పష్టంగా రాస్తే తప్ప వేయకండి. రెండు మూడు లిథియం సెల్లులు ఒకదాని వెనక ఒకటి వేసే టార్చిలో పాతదీ కొత్తదీ కలపకండి. బలహీనమైన సెల్లు తిరగబడి మంట లేచే ప్రమాదం ఉంది. కొత్తవారికి ఒకే సెల్లు టార్చి మంచిదని నేను చెప్పడానికి ముఖ్య కారణం ఇదే.

9900 మిల్లీయాంప్-అవర్ల 18650 సెల్లు కనిపించింది. కొనవచ్చా?

వద్దు. మిల్లీయాంప్-అవర్ అంటే సెల్లులో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత. పేరున్న తయారీదారుల 18650 సెల్లులు చాలావరకు 2500 నుంచి 3600 మధ్య ఉంటాయి. 9900 అని రాసినదానిలో ఉండేది చాలాసార్లు పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసినదో, పనికిరాదని పక్కన పెట్టినదో. బరువు తూచి చూడండి. నిజమైన సెల్లు 45 గ్రాములు, ఆ పైన కొద్దిగా ఉంటుంది. ముప్ఫై గ్రాములుంటే లోపల ఏముందో ఊహించుకోవచ్చు. పై పొర చిరిగిన సెల్లును, సొట్ట పడినదాన్ని వాడకండి. విడి సెల్లులను తాళం చెవులతో కలిపి జేబులో వేయకండి, ప్లాస్టిక్ పెట్టెలో పెట్టండి. విమానంలో వాటిని చేతి సంచిలోనే తీసుకువెళ్లాలి.

మంచు కురిసే చలిలో, మండే ఎండలో ఎలా?

చలి ఎల్‌ఈడీకి మేలే చేస్తుంది, సెల్లుకు చేయదు. సున్నా డిగ్రీల కంటే దిగువన లిథియం-అయాన్ సెల్లు నీరసిస్తుంది. విడి సెల్లును లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకుంటే సరిపోతుంది. గడ్డకట్టే చలిలో ఛార్జి మాత్రం చేయకండి, సెల్లు లోపల శాశ్వతంగా పాడవుతుంది. ఒకసారే వాడే లిథియం ఏఏ సెల్లులు మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేస్తాయి. ఎండలో మూసి ఉంచిన కారులో మాత్రం ఏ లిథియం సెల్లునూ వదలకండి.

ఐపీఎక్స్4, ఐపీఎక్స్7, ఐపీఎక్స్8 అంటే ఏమిటి?

ఇవి నీటి నుంచి రక్షణ స్థాయిలు. 4 అంటే ఏ వైపు నుంచి నీటి తుంపర పడినా తట్టుకుంటుంది, వానకు చాలు. 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి నీరు రాదు. 8 అంటే అంతకంటే ఎక్కువ, ఎంత లోతో తయారీదారు చెప్పాలి. వాగు దాటేవారికి 7 ఉండాలి. ఈ రక్షణ అంతా మరచుట్ల దగ్గరున్న సన్నని రబ్బరు వలయం మీద ఆధారపడి ఉంటుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు పాత గ్రీజు తుడిచి, కొద్దిగా సిలికాన్ గ్రీజు రాయండి. పెట్రోలియం గ్రీజు కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత గట్టిగా నొక్కి ఉందో లేదో ప్రతిసారీ చూసుకోండి.

చేతి టార్చా, హెడ్‌ల్యాంపా?

గుడారం వేయడానికి, వంటకు, ఎక్కడానికి హెడ్‌ల్యాంపు. రెండు చేతులూ ఖాళీగా ఉండటం కంటే పెద్ద సౌకర్యం లేదు. కానీ నడకకు దానిలో ఒక లోపం ఉంది: వెలుగు కంటి పక్కనుంచే వస్తుంది కనుక రాళ్ల నీడలు రాళ్ల వెనకే దాగి, నేలంతా చదునుగా కనిపిస్తుంది. నడుము ఎత్తులో పట్టుకున్న చేతి టార్చి ప్రతి గుంతకూ నీడ ఇస్తుంది. పొగమంచులో తేడా ఇంకా ఎక్కువ. తల మీది వెలుగు నీటి బిందువులకు తగిలి తిరిగి కంట్లోకే వస్తుంది, ఎదుట తెల్లగోడ కట్టినట్టు ఉంటుంది. అప్పుడు హెడ్‌ల్యాంపును తీసి చేత్తో కిందికి పట్టుకోండి, వెలుగు తగ్గించండి. లంబకోణంలో తల ఉండే చిన్న టార్చిలు ఇప్పుడు దొరుకుతున్నాయి. పట్టీకి తగిలిస్తే హెడ్‌ల్యాంపు, తీస్తే చేతి టార్చి. ఒకటే కొనదలచినవారికి నా ఓటు వాటికే.

ముందుకు వెనక్కు జరిపితే పుంజం సన్నబడే టార్చిలు బాగుంటాయా?

సరదాగా ఉంటాయి. సన్నబరచినప్పుడు చాలా వెలుగు గొట్టం లోపలే ఆగిపోతుంది, జరిగే భాగం దగ్గర నీరు చేరే అవకాశమూ ఎక్కువ. వాననీటిలో తిరిగేవారికి నేను చెప్పను.

ఫోనులోని దీపం చాలదా?

ఇంటి మెట్లకు చాలు. ఆరుబయట ఫోను మీ పటం, మీ పిలుపు. దాని శక్తిని దీపానికి ఖర్చు చేసి, అవసరమైనప్పుడు కబురు పంపలేని స్థితి తెచ్చుకోకండి. పైగా దాని వెలుగుకు దిశ లేదు, కొన్ని అడుగుల దూరంలోనే పలచబడిపోతుంది.

సంచిలో దానంతటదే వెలిగి సెల్లు ఖాళీ అవుతోంది. ఏం చేయాలి?

వెనుక మూతను పావు చుట్టు వదులు చేయండి. చాలా టార్చిల మరచుట్లకు కరెంటు పారని పూత ఉంటుంది కనుక ఆ కొద్ది వదులుతోనే సర్క్యూటు తెగుతుంది. ఎలక్ట్రానిక్ స్విచ్చి ఉన్న టార్చిలు ఆపి ఉంచినా కొంచెం కొంచెం కరెంటు తాగుతుంటాయి. నెలల తరబడి దాచేటప్పుడు కూడా ఇదే పద్ధతి మంచిది. లిథియం-అయాన్ సెల్లును సగం నింపి దాస్తే ఎక్కువ కాలం బతుకుతుంది.

ఎదుటివారి కళ్లకు ప్రమాదమా?

చిన్న టార్చి అని తేలిగ్గా తీసుకోవద్దు. ఇప్పటి పుంజం దగ్గర నుంచి కంట్లో పడితే నొప్పి పుడుతుంది, కొన్ని నిమిషాలు చూపు ఉండదు. ఇరుకు దారిలో ఎదురుపడినవారికి అది పడిపోయే ప్రమాదం. ఎవరైనా వస్తుంటే వెలుగు తగ్గించి, పుంజాన్ని మీ పాదాల మీదికి దించండి. గూటిలో ఉన్న పక్షుల మీద, మేస్తున్న జంతువుల మీద నిలిపి ఉంచకండి. పిల్లల చేతికి అట్టడుగు స్థాయికి పెట్టి ఇవ్వండి.

దారి తప్పితే టార్చితో సాయం ఎలా అడగాలి?

చాలా టార్చిల్లో ఎస్ఓఎస్ (ఆపదలో సాయం కోరే సంకేతం) స్థాయి ఉంటుంది: మూడు పొట్టి మెరుపులు, మూడు పొడుగువి, మళ్లీ మూడు పొట్టివి. కొండల్లో మరో పద్ధతి కూడా ఉంది, దానికి ఏ ప్రత్యేక స్థాయీ అక్కరలేదు. ఒక నిమిషంలో ఆరుసార్లు, అంటే పది సెకన్లకోసారి, వెలుగు చూపండి. ఒక నిమిషం ఆగండి. మళ్లీ ఆరుసార్లు. ఆగే ఆ నిమిషంలో చుట్టూ చూడండి, సెల్లును కూడా కాపాడుకోండి. మీ సంకేతం చూసినవారు నిమిషానికి మూడు మెరుపులతో జవాబిస్తారు. జవాబు కనిపించాక కూడా వారు మీ దగ్గరికి చేరేదాకా సంకేతం ఆపవద్దు, చీకట్లో మీరెక్కడున్నారో వారికి తెలిసేది ఆ వెలుగుతోనే.